పొడిమందు చల్లిన కాయితాలు

సఫూరాకి అన్నిటికంటే పెద్ద భయం, తను చూడని ఆ ఒక్క నిమిషంలో బిడ్డ ఊపిరి ఆగిపోతుందేమోనని. ఎవరితో అన్నా నవ్వుతారని ఆ మాట పైకి అనదు. రెండేళ్ల నస్రత్ నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. పిల్లకి పెట్టే పప్పులోంచి ఆవాలు కూడా ఏరేస్తుంది. "ఇంత పిరికిదానివి, పిల్లని ఎట్టా పెంచుతావే?" అని అత్త రసూల్‌బీ రోజూ దెప్పుతూనే ఉంటుంది.

ఆ రోజు కూడా దర్శిలో ఆ ఇంటికి మామూలుగానే తెల్లవారింది. రసూల్‌బీ వాకిట్లో చాట ముందేసుకుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. సఫూరా మొగుడు బాషా పురుగుమందుల షాపులో గుమాస్తా. పనికి పోవడానికి చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. మామ పీరు మధ్య గదిలో మంచం మీద కూర్చుని వణికే వేళ్లతో మోకాలి మీద తాళం వేసుకుంటున్నాడు. ఒకప్పుడు ఒంగోలు నుంచి గుంటూరు దాకా ఏ ఊళ్లో పద్యనాటకం ఆడినా హార్మోనియం ముందు ఆయనే కూర్చునేవాడు.

"మామయ్యా, నస్రత్ ఏదీ?" అంది సఫూరా టీ గ్లాసు అందిస్తూ.

"మంచం కిందే ఉందమ్మా. నా పెట్టెతో ఆడుకుంటోంది."

వంగి చూసింది. ట్రంకు పెట్టె పక్కన కూర్చున్న నస్రత్ చేతులు మణికట్ల దాకా తెల్లగా ఉన్నాయి. బొటనవేలు నోటి దాకా వచ్చింది. ఒక్క ఉదుటున బయటికి లాగింది. ముఖానికి రాసుకునే పౌడరేమో అనుకుంది గానీ, వాసన తగలగానే పిల్ల రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. రోజూ సాయంత్రం మొగుడి చొక్కాకి వచ్చే వాసన అది.

"ఏందయ్యా ఇది? పెట్టెలో ఏం చల్లావు?"

బాషా ముఖంలో నెత్తురు చుక్క లేదు. "చెద పడుతుందని... నాన్న కాయితాలకి, పోయిన నెల. షాపులో బస్తాల కింద చల్లే పొడిమందు. మూత వేశాగా!"

"అడుగున తుప్పు పట్టి కన్నాలు పడ్డాయి. కనపళ్లా నీకు?"

కుళాయి కింద పిల్లని రుద్ది రుద్ది కడిగింది. పిల్ల కేకలకి పక్కింటి మహిమ పరుగెత్తుకొచ్చి ఆటో పిలిచింది. నోట్లోకి పోలేదని, చర్మానికి అంటినంత వరకేనని పిల్లల డాక్టరు చెప్పేదాకా సఫూరా కూర్చోలేదు. నెలరోజులుగా పిల్లకి తగ్గని దగ్గు సంగతి చెబితే, "అదే కారణం కావచ్చు. ఈ రోజే దాన్ని ఇంట్లోంచి తీసేయండి" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో బాషా పిల్ల చెప్పులు రెండూ గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి పెట్టె పెరట్లో పత్తికట్టె పేర్చిన కుప్ప మీద ఉంది. పీరు చేతిలో అగ్గిపెట్టె. వణుకుతున్న వేళ్లకి పుల్ల వెలగడం లేదు.

"అంటించు నాన్నా," అన్నాడు బాషా. "పీడ పోతుంది."

"ఇటివ్వండి, నేను వెలిగిస్తా," అని రసూల్‌బీ చెయ్యి చాపింది.

సఫూరా పిల్లని, చూడ్డానికొచ్చిన మహిమ చేతుల్లో పెట్టి, "మీ ఇంట్లోకి తీసుకుపో అక్కా" అంది. కొంగు ముక్కుకి చుట్టుకుని వెళ్లి, పత్తికట్టె మీదికెక్కి పెట్టె మూత మీద కూర్చుంది.

"ఇదేం పనే! లే!" అని అరిచింది రసూల్‌బీ.

"లేవను."

"పొద్దున పిల్ల పోయిందని ఏడ్చింది నువ్వే గదా!" అన్నాడు బాషా.

"నేనే. మీ అందరికంటే నాకే ఎక్కువ భయం. ఈ విషం ఇంట్లో ఒక్క పూట ఉండటానికి వీల్లేదు. కానీ ఇది కాలిస్తే పొగ ఎటు పోద్ది? గోడ అవతల మహిమక్క ఇంట్లోకి పోద్ది. వాళ్లింట్లో పిల్లలు లేరా?"

పీరు అగ్గిపెట్టె పక్కన పెట్టాడు. నెమ్మదిగా అన్నాడు. "పోనీ పొలంగట్టున పాతిపెడదాం తల్లీ. నా మనవరాలి ముందు ఈ కాయితాలెంత? ఇవి ఉంటే ఎవరికి, పోతే ఎవరికి?"

ఆ కాయితాలేమిటో ఆ ఇంట్లో సఫూరాకే తెలుసు. ఆయన చూపు మందగించాక, నస్రత్ పుట్టకముందు, మధ్యాహ్నాలు పక్కన కూర్చుని చదివి వినిపించేది. పత్తి జిన్నింగు మిల్లు బిల్లుల వెనకా, నాటకాల కరపత్రాల వెనకా రాసుకున్నవి. ఏ నటుడిది ఎంత శ్రుతి, ఏ పద్యంలో ఎక్కడ ఊపిరి తీసుకుంటాడు, ఏ ఊరి జనం ఎక్కడ వన్స్‌మోర్ కొడతారు, అన్నీ ఆయన సొంత గుర్తుల్లో ఉంటాయి. పోయిన నటుల ఉత్తరాలున్నాయి. రంగు పూసుకుంటూ నవ్వుతున్న ఫొటోలున్నాయి. కిందటేడు గుంటూరు కాలేజీ నుంచి జ్యోతిర్మయి అనే మేడమ్ వచ్చి, కళాకారుల సొంత కాగితాలు మా దగ్గర భద్రపరుస్తామని అడిగితే, "మా నాన్నవి మా ఇంట్లోనే ఉంటాయి" అని బాషా పంపించేశాడు. ఆమె ఇచ్చిన నంబరు మాత్రం సఫూరా దాచుకుంది.

"ఆ మేడమ్‌కి ఫోన్ చేస్తాను," అంది సఫూరా.

"విషం చల్లినవి ఇస్తావా? ముఖాన కొడతారు! నలుగురిలో పరువు పోద్ది," అన్నాడు బాషా. గొంతు పెరిగింది. "అసలేంటే నీకీ కాయితాల పిచ్చి? ఈయన ఆ హార్మోనియం మోసుకుని తిరిగినన్నాళ్లు నాకు జ్వరమొస్తే ఇంట్లో ఉన్నాడా? మా అమ్మ ఒక్కతే చూసుకుంది. అయినా చెద పట్టకూడదని మందు చల్లింది నేనే గదా! ప్రేమ లేకే చల్లానా?"

పీరు తల దించుకున్నాడు.

"ప్రేమేలే, ఎవరు కాదన్నారు?" అంది సఫూరా. "మా నాన్నకీ నేనంటే ప్రేమే. బస్సులో ఎవడో వెంటపడుతున్నాడని భయపడి తొమ్మిదిలో బడి మాన్పించాడు. పుస్తకాలు కళ్లబడితే మళ్లీ పోతానంటానేమోనని బజ్జీల బండికి వేశాడు. మా ఊళ్లో నా సైన్సు పుస్తకంలో బజ్జీలు చుట్టిచ్చారు నాకు! భయపడటం తప్పు కాదయ్యా. భయమేసినప్పుడల్లా ఏదో ఒకటి పారేస్తారు చూడు, అది తప్పు. నేను పారెయ్యను. కాల్చాలంటే ముందు నన్ను లేపండి."

"మగాళ్ల మాటకి ఎదురు చెప్పడం ఎప్పుడు నేర్చావే?" అంది రసూల్‌బీ. మాటలో మునుపటి పదును లేదు.

"పిరికిదాన్ననేగా అత్తమ్మా మీరనేది? పిరికిదానికి కూడా ఒక రోజు వస్తది."

పెట్టె మీద కూర్చునే ఫోన్ చేసింది. అవతల జ్యోతిర్మయి నవ్వలేదు, తిట్టలేదు. "ముందు పాపకెలా ఉంది?" అని అడిగింది. తర్వాత చెప్పింది. "కాల్చొద్దు, దులపొద్దు. పెట్టెకి ప్లాస్టిక్ పట్టా చుట్టి ఆరుబయట నీడలో పెట్టండి. మందులు చల్లిన కాగితాలు మాకు కొత్త కాదమ్మా. శుభ్రం చేసే పద్ధతి ఉంది. రేపే వస్తాం."

బాషా లోపలికి పోయి పట్టా తెచ్చాడు. "లే. నువ్వు ముట్టుకోమాక, నేను చుడతా. పోయి చేతులు కడుక్కో, స్నానం చెయ్యి," అన్నాడు ఆమె ముఖం చూడకుండా. ఆ సాయంత్రమంతా ఇల్లు తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలు సంచిలో కట్టింది కూడా అతనే.

మర్నాడు కాలేజీ వాళ్లు మాస్కులు, చేతి తొడుగులు వేసుకుని వేపచెట్టు కింద పెట్టె విప్పారు. "గాలి ఇటునుంచి వస్తోంది మేడమ్, ఈ పక్కకి రండి," అని బాషా చోటు చూపించాడు. పిల్లని మహిమ ఇంట్లో ఉంచి సఫూరా అరుగు మీదనుంచే చూస్తోంది. జ్యోతిర్మయి ఒక్కో కాగితం సంచిలో పెడుతూ ఆగింది.

"పెట్టె అడుగు తుప్పు తినేసింది. చుట్టూ చెద దారులున్నాయి. కానీ ఒక్క కాగితం కూడా పోలేదు. పిల్లలున్న ఇంట్లో చల్లడం పెద్ద తప్పే బాషా గారూ. అయితే ఇవి మిగిలింది కూడా మీ వల్లే."

బాషా గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. పీరు కర్ర పోటేసుకుంటూ వెళ్లి కొడుకు వీపు మీద చెయ్యి వేశాడు.

"ఏడవమాకరా. ఒకసారి నేను శ్రుతి తప్పించి వాయిస్తే, ఆ నటుడు ఆ తప్పులోనే పాడేశాడు. జనం వన్స్‌మోర్ కొట్టారు. అట్టాంటిదే నీదీనూ." కాస్త ఆగి, "నీకు జ్వరమొచ్చినప్పుడు ఉండాల్సింది, లేను. అది మాత్రం తప్పేరా," అన్నాడు.

బాషా తండ్రి వణికే చేతిని పట్టుకుని వదల్లేదు. రసూల్‌బీ ముక్కు చీదుకుని, కళ్లలోకి కారం పోయిందని మిరపకాయల్ని తిట్టింది.

కాయితాలు అప్పగిస్తున్నట్టు పీరు సంతకం పెట్టే ముందు సఫూరా అడ్డుపడింది. "మేడమ్, నేను పెద్దగా చదువుకోలేదు. తప్పయితే చెప్పండి. అక్కడ వీటిని పెట్టే చోట మా మామయ్య పేరు ఉండాలి. ఆయన ఎప్పుడొచ్చినా చూపించాలి. కాయితం మీద రాసివ్వండి."

"రాసిస్తానమ్మా. అసలు ఆయన రాకపోతే ఈ గుర్తులు మాకెవరికీ అర్థం కావు. వచ్చి చెబితే రికార్డు చేసుకుంటాం."

"అంటే మళ్లీ ఊళ్లు పట్టుకు తిరగడం మొదలా ఈయనకి!" అంది రసూల్‌బీ. అప్పటికే ఆయన తెల్ల లాల్చీ ఎక్కడుందా అని ఆమె చూపు దండెం మీద వెతుకుతోంది.

నస్రత్ దగ్గు తగ్గింది. ఇప్పుడు పీరు గారు గుంటూరు వెళుతుంటారు. బాషా బస్సెక్కిస్తాడు, అక్కడ కాలేజీ వాళ్లు దించుకుంటారు. మధ్యలో ఉన్న దారంతా సఫూరాకి భయమే. మీరెప్పుడైనా దర్శి నుంచి గుంటూరు వెళ్లే బస్సులో, ముందు సీటు కమ్మీ మీద వణికే వేళ్లతో ఏదో వాయించుకుంటున్న పెద్దాయన కనిపిస్తే, దయచేసి ఒకసారి పలకరించండి. మంచినీళ్లు తాగారా, మాత్ర వేసుకున్నారా అని అడగండి.