కర్చీఫ్ వేసిన సీటు

వాన పడితేనే కేజీఎఫ్‌లో అందరి ముఖాలూ బయటపడతాయి. బంగారు గనులు మూసేశాక మిగిలిన సైనైడ్ మట్టిదిబ్బల మీది నుంచి గాలికాలమంతా దుమ్ము లేస్తుంది. పెద్దా చిన్నా ముక్కుకు గుడ్డ కట్టుకునే తిరుగుతారు. ఆ ఉదయం మొదటి వాన దుమ్మును అణిచేసింది. బెంగళూరు రైల్లో అందరూ గుడ్డలు విప్పేశారు, ఒక్క షెరిన్ తప్ప.

మునేష్ చూపు ఆ గుడ్డ మీదే ఉంది.

అతను రైలు బయలుదేరే మారికుప్పంలో ఎక్కుతాడు. ఆమె ఆ తర్వాత వచ్చే ఊరిగాంలో ఎక్కుతుంది. కిటికీ పక్క సీటు మీద కర్చీఫ్ వేసి ఆమెకోసం ఉంచడం అతని పని. ఈ రైల్లో కర్చీఫ్ వేసిన సీటు జోలికి ఎవరూ పోరు. ఆ సీట్లోనే ఒకరోజు, "నన్ను పెండ్లి చేసుకుంటావా?" అని అడిగాడు. "లీవులో పోతా ఉండాను. వచ్చి చెప్తాను" అంది ఆమె. లీవు అయిపోయి వచ్చింది. జవాబు మాత్రం రాలేదు.

"దుమ్ము లేదు కదా, ఇంగ యాలా ఆ గుడ్డ?"

"జలుబు."

"వచ్చినప్పట్నించీనా?"

"జలుబు చేసేదానికి నీ పర్మిషన్ కావాల్నా?"

"నీకు నేను ఇష్టం లేకుంటే వద్దని చెప్పు షెరిన్. గుడ్డెనక దాక్కోవద్దు."

ఆమె కిటికీలోంచి వానను చూస్తూ కూర్చుంది. మునేష్‌కు మనసు విరిగిపోయింది.

"రేపట్నించి సీటు నువ్వే చూసుకో" అని లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

ఆ సాయంత్రం షెరిన్ అద్దం ముందు గుడ్డ విప్పింది. బడిలో ఆమెను 'షాఫ్టు' అని ఏడిపించేవాళ్లు, ఆమె పొడుగు ముక్కును గని మీద నిలబడే ఇనుప గోపురంతో పోల్చి. మునేష్‌కు అందమైన ముఖంతో జవాబు చెప్పాలని, అతనికి తెలియకుండా బెంగళూరులో ముక్కు ఆపరేషన్ చేయించుకుంది. ఇప్పుడా ముక్కు ఉబ్బి, కొన బోండాలా ఉంది. పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టొచ్చని, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పాడు.

తల్లి హన్నమ్మ చప్పిడి రసం పోసింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె కూతురి ముఖం వైపు చూడటం లేదు.

"మీ అప్పా పోయినాక ఆయన ముక్కొకటే ఈ ఇంట్లో మిగిలిండె. దాన్నీ కోయించుకొచ్చినావు."

షెరిన్ కంచం మీంచి తలెత్తింది. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని పోయిన నాన్న అంతోని ఫొటో గోడ మీద ఉంది. ఆ ముక్కును అందులో తప్ప ఇంకెక్కడా చూడలేమని ఆమెకు అప్పుడే తెలిసొచ్చింది.

"ఆ పిల్లోనికి చెప్పినావా?"

"ఈ ముఖంతోనా? వాపు తగ్గినాక చెప్తానమ్మా."

"ఏడాది దాకా నీకు సీటెవరు పడతారే?" అంది హన్నమ్మ. ఆపరేషన్ తర్వాత అప్పుడే మొదటిసారి కూతురి ముఖం వైపు చూసింది.

మర్నాడూ వానే. మునేష్ మారికుప్పంలో దిగులుగా రైలెక్కాడు. కిటికీ పక్కన షెరిన్ కూర్చుని ఉంది. ఊరిగాం నుంచి అంత దూరం వెనక్కి ఆటోలో వచ్చినట్టుంది. ముఖానికి గుడ్డ లేదు. ఆ గుడ్డే కర్చీఫ్‌లా పక్క సీటు మీద పరిచి ఉంది.

అతను ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు.

"ఏమైంది?"

"ముక్కు ఆపరేషన్. నేనే చేయించుకొన్నాను. నీకు సరేనని చెప్పే ముందర బాగుండాలని."

"ఆ ముక్కంటే నాకెంతో ఇష్టంగా ఉండె షెరిన్."

"అది ఇంగ రాదు. వాపు పోయినాక ఎట్లుంటానో నాకే తెలీదు. పక్క సీటు మాత్రం నీకే పెట్టినాను. కూచ్చుంటావో లేదో నీ ఇష్టం."

రైలు కదిలింది. మునేష్ ఆ గుడ్డ తీసి ఆమె పక్కన కూర్చున్నాడు.

షెరిన్ ఏడ్చేసింది. ఉప్పటి కన్నీళ్లు పెదాల దాకా జారాయి.

"ఆపరేషనైనాక పథ్యం ఉంటుంది కదా, డాక్టరు ఉప్పు తినొచ్చన్నాడా?"

"వద్దన్నాడు."

"మరి తుడుచుకో" అని ఆ గుడ్డ ఆమె చేతికిచ్చాడు.

ఆమె ముక్కుకు తగలకుండా మెల్లగా తుడుచుకుంది. నవ్వొచ్చింది. నవ్వితే ముక్కు నొప్పి పెట్టింది, అయినా నవ్వింది.