పిందె మీద బేరం

సూర్యకళ స్టూలు మీద కూర్చుని తులసికోట ముందు దీపం పెడుతుండగా ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. కళ్ళజోడు సవరించుకుని చదివింది. ఖాతాలోని షేర్లన్నీ వెళ్ళిపోయాయట. సామర్లకోటలో గుమాస్తాగా చేసిన నాన్న జీతంలో మిగిల్చి కొని, పోయేముందు ఆమె పేర పెట్టిన షేర్లవి.

"ఏవండీ, నాన్న షేర్లు అమ్మేశారా?"

అరుగు మీద పేపరు చదువుతున్న సత్తిరాజు తల ఎత్తలేదు. రిటైరైన దగ్గర్నుంచి ఆ వ్యవహారమంతా తన ఫోన్‌లో ఆయనే చూస్తున్నాడు; ఓటీపీలు మాత్రం భార్య ఫోన్‌కి వస్తాయి.

"అమ్మలేదు. ఆప్షన్ రాశాను. కవర్డ్ కాల్ అంటారు. నెలాఖరుకి షేరు ధర ముందే అనుకున్న ఒక గీత దాటితే, ఆ గీత రేటుకే షేర్లు ఇచ్చేస్తామని మాట ఇవ్వడం. ఆ మాట ఇచ్చినందుకు ముందే కొంత డబ్బు వస్తుంది, ప్రీమియం అని. దాటకపోతే షేర్లూ మనవే, డబ్బూ మనదే. పదకొండు నెలలుగా ఒక్కసారీ గీత దాటలేదు."

"ఈ నెల?"

"బాగా దాటేసింది. మనకి మాత్రం గీత రేటే."

"పిందె మీదే కాయలు బేరం పెట్టేశారన్నమాట! కొబ్బరి షావుకారు కాయలే పట్టుకెళ్తాడండీ, చెట్లు వదిలేస్తాడు. మీరు చెట్లతో సహా ఇచ్చేశారు."

"డబ్బు ఖాతాలో పడుతుంది కదా..."

"డబ్బు సంగతి కాదు. తోట ఎవరిదో ఒక్కసారి అడిగారా? ఓటీపీ చెప్పమన్నప్పుడల్లా కరెంటు బిల్లన్నారు!"

ఆయన పేపరు మడిచాడు. ఆ ముఖం బాగా అలిసిపోయి ఉంది.

"మరి ఆ ప్రీమియం డబ్బంతా ఏంచేశారు?"

"నీ మోకాళ్ళకి పెట్టాను. రాజమండ్రిలో ఇంజక్షన్లు. పెన్షన్ బకాయిలు వచ్చాయన్నాను చూడు, అవి రాలేదు."

సూర్యకళ మోకాళ్ళు తడుముకుంది. ఏడాది కిందట గడప దిగలేకపోయేది. నొప్పి తగ్గినప్పుడల్లా స్వామికి కొబ్బరికాయ కొట్టింది. ఆ స్వామి ఈ ఉపశమనం ఎవరి చేతుల మీదుగా ఇప్పించాడో ఎప్పుడైనా అడిగిందా?

"నువ్వు వద్దంటావని భయపడ్డాను. తప్పయిపోయింది."

"వద్దనేదాన్నే." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నాన్నే ఉంటే, ఇచ్చిన మాట ప్రకారం కాయ దింపి ఇచ్చెయ్యమనేవాడు. మాట ఇచ్చే ముందు మాత్రం అమ్మని అడిగేవాడు."

"ఇక నిన్నడక్కుండా చెయ్యను."

"మీ ఫోన్ తీసుకుని లోపలికి రండి. ఉన్న డబ్బుకి మళ్ళీ ఎన్ని షేర్లొస్తాయో చూద్దాం. ఓటీపీ నేనే కొడతాను."

సత్తిరాజు దగ్గరికొచ్చి, ఆమెను లేపడానికి అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు. అది పట్టుకోకుండానే లేవగలనని సూర్యకళకి తెలుసు. అయినా పట్టుకుంది.