గొళ్ళెం ఏ దిక్కున్నది

బీజాపూర్ రోడ్డు మీద, చేవెళ్లకు మొయినాబాద్‌కు నడుమ ఉన్న పాండురంగం సేటు టాకీసంటే పగలు ఎవరికీ భయం లేదు. మ్యాట్నీకి జనం వచ్చేవారు, ఈలలు వేసేవారు, పోయేవారు. పొద్దు వాలిందంటే మాత్రం ఆటోవాళ్లు కూడా దాని ముందు బండి ఆపేవారు కాదు.

పైన, తెర మీద బొమ్మ వేసే మిషను గది ఉంది. పన్నెండేళ్ల కింద ఆపరేటర్ కృష్ణయ్య ఆ గదిలోనే కాలిపోయాడు. అప్పటి నుంచి చీకటి పడితే లోపలి నుంచి ఎవరో తలుపు బాదుతారని... ఆగి ఆగి బాదుతారని... అనేవారు. సేటు సాయంత్రం ఆటలు ఎత్తేశాడు. ఆ చప్పుడు నేనైతే వినలేదు. విన్నవాళ్లు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

కంప్యూటరు కంపెనీలు వచ్చి గండిపేట దాకా భూములకు రెక్కలొచ్చిన రోజులవి. ఉదయ్‌భాస్కర్ అనే ఆయన టాకీసు కొని అక్కడ మల్టీప్లెక్సు కడతానన్నాడు. ఒక్కటే పేచీ పెట్టాడు. "జనం రాత్రిపూట ఇక్కడికి వస్తరని నాకు చూపెట్టుండ్రి సేటు. ఈ దెయ్యం పేరు పోతెనే నేను సంతకం చేస్త."

సేటు తెలివి తక్కువవాడు కాదు. ఆ ఏడాదే ఒక సినిమావాళ్లు, టాకీసులో జరిగే దెయ్యం సినిమా తీస్తామని చోటు వెతుక్కుంటూ వచ్చారు. కిరాయి వద్దన్నాడు. కథ మాత్రం తాను చెప్పినట్టే తీయమన్నాడు. తాగుబోతు ఆపరేటర్ లోపల గొళ్ళెం పెట్టుకుని, బీడీ అంటించి, తన తప్పుకు తానే కాలిపోతాడు. పోలీసు కాగితాల్లోనూ అదే రాసి ఉంది. జనం ఆ సినిమాను ఆ టాకీసులోనే చూసి నవ్వుకుంటే, భయం దానంతట అదే పోతుందని సేటు లెక్క.

సినిమా వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత మొదటిసారి ఫస్ట్ షో వేశాడు. గేటు దగ్గర ఒక డబ్బా, చీటీలు, పెన్నులు పెట్టించాడు. సినిమా ఎలా ఉందో రాసి వెయ్యమన్నాడు. తెల్లారి ఉదయ్‌భాస్కర్ వస్తే ఆ చీటీలు చూపించాలి.

హాలు నిండింది. మొయినాబాద్ కాలేజీ పిల్లలే సగం మంది. తొమ్మిదింటికి ఆట విడిచారు. సేటు ఆఫీసు గదిలో కూర్చుని, గేట్‌కీపర్ నర్సింహతో డబ్బా తెప్పించుకుని చీటీలు విప్పాడు.

'ఫస్టాఫ్ సూపర్, సెకండాఫ్ సాగదీసిండ్రు.' సేటు నవ్వాడు.

'దెయ్యం కన్నా హీరోయిన్ మేకప్ చూసి ఎక్కువ జడుసుకున్న.' ఇంకా నవ్వాడు.

'సౌండు మంచిగున్నది. ఏసీ లేదు.' దాని కింద, అదే చేతిరాతతో ఇంకో మాట ఉంది. 'గొళ్ళెం బయట ఉండె.'

సేటు చీటీ పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. 'టైంపాస్. గొళ్ళెం బయట ఉండె.' ఇంకోటి... ఆడపిల్ల రాత, పచ్చ సిరా. 'కామెడీ బాగుంది. క్లైమాక్స్ తప్పు. గొళ్ళెం బయట ఉండె.'

ఒక్కో చీటీది ఒక్కో రాత. చివర మాత్రం అందరిదీ ఒకటే మాట.

సేటు చీటీలన్నీ బోర్లా తిప్పి పెట్టాడు. ఎందుకంటే, గొళ్ళెం నిజంగానే బయట ఉండేది. కృష్ణయ్య ఒకసారి మధ్యలో చాయ్‌కి దిగి వెళ్తే రీలు అయిపోయి తెర తెల్లగా మిగిలింది, జనం కుర్చీలు విరగ్గొట్టారు. ఆ మర్నాడే సేటు తలుపుకు బయట గొళ్ళెం బిగించాడు. ఆట అయిపోయేదాకా ఆపరేటర్ లోపలే. నిప్పంటుకున్న రోజు ఆ మెట్ల దాకా పోయింది కూడా సేటే. తలుపు బాదుతున్న చప్పుడు విన్నాడు. పొగకు జంకి వెనక్కి దిగాడు. తర్వాత, పోలీసులు రాకముందే, తన చేత్తో స్క్రూలు విప్పి గొళ్ళెం లోపలికి మార్చాడు. మిగిలిన నాలుగు బొక్కల మీద ఆకుపచ్చ రంగు పూశాడు. ఆ సంగతి తనకూ చచ్చినవాడికీ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాడు.

"నర్సింహా... ఇది ఎవలు రాయమన్నరు?"

నర్సింహ తల గోక్కున్నాడు. "రాములమ్మ, సేటు. కృష్ణయ్య భార్య. ఎలుపట మెట్ల మీద కూసున్నది. బిడ్డా, నేను గూడ సినిమా చూసిన, నాకు రాయరాదు, నాదొక్క మాట రాయి అని అందర్నడిగింది."

"నువ్వెందుకు ఆపలే?"

"టికెట్ కొన్నది గద సేటు. ఆమెది గూడ అభిప్రాయమే గద."

సేటుకు కాస్త ఊపిరాడింది. దెయ్యం కాదు, ముసలిదే. రాయడం రాని ముసలిదాని మాట ఎవరు నమ్ముతారు? కానీ... ఆ బొక్కలు. పన్నెండేళ్లలో రంగు పెచ్చులూడి ఉంటే? రేపు ఉదయ్‌భాస్కర్ కళ్లబడితే? నర్సింహను ఇంటికి పంపేశాడు. బొక్కలు పూడ్చే లప్పం డబ్బా పట్టుకుని ఒక్కడే మెట్లవైపు నడిచాడు.

కింది మెట్టు మీద రాములమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో టిఫిన్ గిన్నె.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు సేటు, గొంతు తగ్గించి.

"ఎట్ల తెల్వదు సేటు? దినాం ఇంటర్వెల్‌ల అన్నం తెచ్చేదాన్ని. ఆ గొళ్ళెం తీసేది నేను, పెట్టేది నేను." గిన్నె మూత సర్దింది. "ఆ దినం గూడ పెట్టిన. పెట్టకపోతె ఆయనను పనిల నుంచి తీసేస్తనంటిరి. ఈ చేత్తోనే పెట్టి పోయిన."

"నోరు మూసుకో."

"పన్నెండేండ్లు మూసుకున్న. నన్నెవలు అడగలే."

సేటు ఆమెను దాటుకుని పైకెక్కాడు. ఇనుప రేకు తలుపు. రంగు పెచ్చులూడి నాలుగు బొక్కలూ కనబడుతున్నాయి. లప్పం తీయబోయాడు. తలుపు ఓరగా ఉంది... లోపల లైటు వెలుగుతోంది. ఇప్పటి ఆపరేటర్ మరిచిపోయాడనుకుని, ఆర్పడానికి లోపలికి అడుగు పెట్టాడు.

వెనక తలుపు పడింది.

తర్వాత చప్పుడు... ఇనుము మీద ఇనుము, మెల్లగా జరిగి, ఠక్కున ఆగింది. బయట గొళ్ళెం పడింది.

బయట గొళ్ళెం లేదు. ఉన్నవి నాలుగు బొక్కలే. ఆ సంగతి సేటుకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

లోపలి గొళ్ళెం తీసే ఉంది. తోశాడు. భుజంతో గుద్దాడు. తలుపు కదలలేదు. ఎక్కడో వైరు కాలుతున్న వాసన... రేకు మీద పెట్టిన అరచేతులు చురుక్కుమన్నాయి. పరుగెత్తి, తెర మీదికి వెలుగు పోయే కంతలో మొహం పెట్టాడు. కింద ఖాళీ హాలు. బెంచీ క్లాసులో రాములమ్మ ఒక్కతే, తెరకు వీపు పెట్టి, పైకి చూస్తూ ఉంది.

"రాములమ్మా... తలుపు తియ్యి. నీ కాళ్లు మొక్కుత."

ఆమె కదల్లేదు. "గొళ్ళెం లోపటి దిక్కే ఉన్నది గద సేటు. పోలీసు కాగితాలల్ల మీరే రాయిస్తిరి. తీసుకొని రాండ్రి."

ఆ రాత్రి ఆ రోడ్డున పోయిన ఆటోవాళ్లు తలుపు బాదుతున్న చప్పుడు విన్నారు. ఎప్పుడూ వినేదే కదా అని ఎవరూ ఆగలేదు.

తెల్లారి ఉదయ్‌భాస్కర్ వచ్చాడు. సేటు ఎక్కడా లేడు. నర్సింహ పైకెక్కి మిషను గది తలుపును ఒక్క చేత్తో నెట్టాడు. తెరుచుకుంది. రేకు చల్లగా ఉంది. సేటు నేల మీద కూర్చుని ఉన్నాడు. రెండు అరచేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి.

"గొళ్ళెం... బయట పెట్టిండ్రు," అన్నాడు.

ఉదయ్‌భాస్కర్ తలుపు తిప్పి బయటివైపు చూశాడు. బొక్కల మీద వేలు పెట్టాడు. "ఇక్కడ ఏముండె?"

మెట్ల మీద నుంచి రాములమ్మ గొంతు వచ్చింది. "అడుగుతుండు గద సేటు. చెప్పుండ్రి."

సేటు చెప్పాడు. మొదటి నుంచి, ఒక్కటీ దాచకుండా, అందరి ముందూ చెప్పాడు. చెబుతున్నంతసేపూ కాలు గడప మీద పెట్టే ఉంచాడు... ఆ తలుపు మళ్లీ పడకుండా.