మార్వాకి చెప్పకూడదు

ఆరిన్ స్టాడార్డ్ లోపలికి వచ్చి తలుపు గడియ తానే వేశాడు. అది పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని అప్పుడు కూర్చున్నాడు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసి రిటైరయ్యాడు. తలమీది గడ్డిటోపీకి మైనపుదారం, కళ్ళజోడుకి మైనపుదారం, నోటుబుక్కుకి వేలాడే పెన్సిలుకీ మైనపుదారమే. బయట ఇసుకగాలి ఇంకా వీస్తోంది. పేజీలు ఎగరకుండా నోటుబుక్కుకి ఒక నీలం రంగు బట్టల క్లిప్పు పెట్టుకున్నాడు.

“నా భార్యని చంపేశారమ్మా. ఎవరో తేల్చాలి. రేపు వాడు నాకోసం కూడా వస్తాడు,” అన్నాడు.

ఓపల్ రెన్‌ఫ్రో డ్రై ఫోర్క్ అనే ఆ ఎడారి ఊళ్ళో పాతికేళ్ళుగా ప్రైవేటు డిటెక్టివు. అరవై దాటాయి. మోకాళ్ళ నొప్పులూ నోటి దురుసూ వయసుతోపాటే పెరిగాయి. అసిస్టెంటు కర్టిస్ బీల్ లెక్కల మాస్టారుగా పనిచేసి మానేసినవాడు. ఓపల్ తుమ్మినా అందులో ఏదో అర్థం ఉంటుందని నమ్మే రకం. అప్పటికే అతను కాగితం తీసి తేదీ వేశాడు.

ఆరిన్ చెప్పిన సంగతి ఇది. అతనూ మార్వా ఇల్లు అమ్మేసి పంతొమ్మిదేళ్ళయింది. చలికాలమంతా ఊరి బయట సాల్ట్ సీడర్ పార్కులో తమ ట్రెయిలర్‌లో, అంటే చక్రాలమీది ఇంట్లో ఉంటారు. ఎండాకాలం దానికి అక్కడే తాళం వేసి మార్వా అక్కగారింటికి పోతారు. తిరిగి రాగానే మొదటి పని నీళ్ళ ట్యాంకు శుభ్రం చేయడం. నాలుగు నెలలు నిలవున్న ట్యాంకులో నీళ్ళు నింపి బ్లీచ్ పోస్తారు. ఒక్కో కుళాయీ విప్పి వాసన వచ్చేదాకా వదులుతారు. పూటంతా అలాగే ఉంచి పారబోసి మంచినీళ్ళు పట్టుకుంటారు. మార్వా పంతొమ్మిదేళ్ళుగా ఆ పని చేస్తోంది. పోయిన మంగళవారం ఆ పని చేస్తూనే ట్రెయిలర్‌లోని చిన్న స్నానాలగదిలో పడి చనిపోయింది. వేణ్ణీళ్ళ కుళాయి విప్పే ఉంది.

ఊపిరితిత్తులు విషవాయువుకి కాలిపోయాయని డాక్టరు చెప్పాడు. పోలీసు డిప్యూటీ లోమాక్స్ చూస్తే గీజరు నిండా వెనిగర్ ఉంది. బ్లీచూ వెనిగరూ కలిస్తే విషవాయువు పుడుతుందని సాల్ట్ సీడర్‌లో పిల్లులకి కూడా తెలుసు. మార్వా కలిపి ఉండదు కాబట్టి ఎవరో కావాలని పోశారని లోమాక్స్ తేల్చాడు. పక్క ట్రెయిలర్ వర్జిల్ టబ్స్ మీద అతని కన్ను పడింది. వర్జిల్ మెట్ల కింద నాలుగు ఖాళీ వెనిగర్ డబ్బాలు దొరికాయి. పైగా వేసవికి ముందు మురికినీళ్ళ గొట్టం గురించి మార్వా అతన్ని నలుగురిలో కడిగేస్తే, ఆ నోటిలోనే ఎవరైనా బ్లీచ్ పోస్తే బాగుణ్ణని వర్జిల్ అన్నాడట. ఎల్లుండి శుక్రవారం అతన్ని అరెస్టు చేసి తీసుకుపోతారు.

“వర్జిలే చేశాడనుకుంటున్నారా?” ఓపల్ అడిగింది.

“వర్జిల్ నా స్నేహితుడు. అందుకే మీ దగ్గరికొచ్చాను. వాడు కాకపోతే ఇంకెవడో ఉన్నాడు కదా, ఇంకా మా మధ్యే తిరుగుతున్నాడు కదా?”

ఓపల్ నోటుబుక్కు అడిగింది. ఆరిన్ రోజూ రాస్తాడు, తిన్న అన్నం దగ్గర్నుంచి. మార్వా పోయే ముందురోజు, సోమవారం పేజీలో మూడే ముక్కలు: గాలి. పొద్దున బిస్కెట్లూ గ్రేవీ. కానుక సిద్ధం, మార్వాకి చెప్పకూడదు.

ఆమె పోయిన మర్నాడు, బుధవారం, తమ పెళ్ళిరోజనీ, అందుకోసమేదో తెచ్చి ఉంటాననీ ఆరిన్ అన్నాడు. అదేమిటో ఎక్కడ పెట్టాడో గుర్తుకు రావడం లేదు. వారంగా ట్రెయిలరంతా వెతుకుతున్నాడు.

“ముసలితనమమ్మా,” అని నవ్వబోయి, నవ్వు రాక టోపీ దారం సవరించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఓపల్, కర్టిస్ పార్కుకి వెళ్ళారు. ముప్పై ట్రెయిలర్లు వరసగా ఉన్నాయి, ఒక్కదాని ముందైనా మనిషి లేడు. మామూలు రోజుల్లో కాఫీ కప్పులతో ఒకళ్ళ ముందు ఒకళ్ళు చేరి ఊరి కబుర్లన్నీ చెరిగే జనం. చావు వచ్చి కూర్చున్నాక ఎవరి నీళ్ళు వాళ్ళే అనుమానంగా చూసుకుంటున్నారు.

మేనేజరు లూయెల్లా హేల్ పార్కు నియమాల పలక ముందు వాళ్ళని నిలబెట్టి మాట్లాడింది. ట్యాంకులో బ్లీచ్ ఉంటే కుళాయికి పసుపు గుడ్డ కట్టాలి, ఎవరూ పొరపాటున తాగకుండా. గీజరులో సున్నపు గార వదలడానికి వెనిగర్ పోసి ఉంచితే ట్రెయిలర్ బయటివైపు ఉండే గీజరు తలుపుకి నీలం క్లిప్పు పెట్టాలి. తమ పని తాము చూసుకోలేని స్థితికి వచ్చినవారు స్థలం ఖాళీ చేయాలి. ఆ చివరిది ఎర్ర అక్షరాల్లో ఉంది.

“ఇది ఆసుపత్రి కాదు కదమ్మా. గ్యాసు పొయ్యి ఆర్పడం మరిచిపోతే ముప్పై కుటుంబాలు పోతాయి,” అంది లూయెల్లా.

స్టాడార్డ్‌ల కుళాయిలన్నిటికీ పసుపు గుడ్డలు ఉన్నాయి. బయటి గీజరు తలుపుకి ఏమీ లేదు. ఓపల్ అక్కడ వంగి, మోకాళ్ళను తిట్టుకుంటూ చాలాసేపు చూసింది. తలుపు అంచున క్లిప్పు పట్టిన మేర దుమ్ము అంటకుండా వేలి వెడల్పున శుభ్రంగా ఉంది. లోపల అలమార తలుపుల మీద మార్వా చేతిరాతతో చీటీలు ఉన్నాయి. పొయ్యి ఆర్పు. మందు తిన్నావు, మళ్ళీ తినకు. తాళం నీ జేబులోనే ఉంది. మార్వా తనకోసం రాసుకున్నవని లోమాక్స్ వాటిని పట్టించుకోలేదు.

“తాళం ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఆవిడ గౌన్లకి జేబులే లేవు,” అన్నాడు కర్టిస్ నెమ్మదిగా. ఓపల్ అతని వంక చూసి తలూపింది. ఇంకో రోజైతే అతను దానికే పొంగిపోయేవాడు.

వర్జిల్ టబ్స్ మెట్ల మీద కూర్చుని కంజు పిట్టలకి నూకలు చల్లుతున్నాడు. లావుపాటి మనిషి, వేళ్ళన్నీ వాతంతో వంకర్లు తిరిగాయి. అతనికి ఆ ట్రెయిలర్ తప్ప భూమ్మీద వేరే నీడ లేదు. తీసుకుపోతే తిరిగొచ్చేసరికి అది కూడా ఉండదు.

“ఆ డబ్బాలు నీవేనా?” ఓపల్ అడిగింది.

“నావే.”

“వెనిగర్ నువ్వే పోశావా?”

“ఎవరో ఒకరు పోశారు. లోమాక్స్ నా పేరు రాసుకున్నాడు. రాసుకోనీ.”

“నువ్వు బాగా కోపిష్టివటగా. ఉరి ముందర ఇంత మంచితనం ఎక్కడిది?”

“పిట్టలు తింటున్నాయి. అరవకండి, ఎగిరిపోతాయి.”

డిప్యూటీ దగ్గర్నుంచి తెచ్చిన డబ్బా ఒకటి ఓపల్ అతని ముందు పెట్టింది. మూత పోకుండా పిడికి మైనపుదారంతో కట్టి ఉంది, చిన్న గట్టి జంట ముడి. ఆమె మరో దారం ముక్క అందించి అలాంటిది ఒక్కటి వేసి చూపించమంది. వర్జిల్ దారం వంక చూశాడు. తన వేళ్ళ వంక చూసుకున్నాడు. రెండు చేతులూ జేబుల్లో దాచుకున్నాడు.

“రేపు నన్ను తీసుకుపోనివ్వండమ్మా. మీకు పుణ్యం ఉంటుంది,” అన్నాడు.

ఆ సాయంత్రం ఓపల్ అన్నం ముట్టలేదు. ఎవరు చేసిందీ తేలిపోయిందా అని కర్టిస్ అడిగితే, తేలకపోతే బాగుండేదని మాత్రం అంది. నోరు మూసుకుంటే నేరం చెయ్యని మనిషి ఊచలు లెక్కపెడతాడు. విప్పితే ఆ నిజం మోయలేని మనిషి నెత్తిన పడుతుంది. మూడో దారి ఉందేమోనని ఇద్దరూ చీకటి పడేదాకా వెతికారు. లేదు.

శుక్రవారం పదింటికి అందరూ పార్కు హాల్లో చేరారు. లోమాక్స్, లూయెల్లా, వర్జిల్, నోటుబుక్కుతో ఆరిన్. కాఫీ పెట్టారు గాని ఎవరూ పోసుకోలేదు. ఆరిన్‌ని కాసేపు బయట కూర్చోమని ఓపల్ అడిగింది. తనే కదా పిలిచింది, వింటానన్నాడు.

“మార్వా చావు హత్య కాదు,” ఓపల్ మొదలుపెట్టింది. “సోమవారం ఒక మనిషి గీజరులో నాలుగు డబ్బాల వెనిగర్ పోశాడు. తప్పేం లేదు, వేణ్ణీళ్ళు సన్నగా వస్తున్నాయని మార్వా పోయిన చలికాలం నుంచీ అందరి దగ్గరా గొణుగుతూనే ఉంది. రెండు రోజులు నానబెట్టి బుధవారం పొద్దున కడిగేస్తే ధార బాగా వస్తుంది. అతను నియమం ప్రకారం నీలం క్లిప్పు కూడా పెట్టాడు. ఖాళీ డబ్బాల మూతలు తన అలవాటు ప్రకారం దారంతో కట్టి, పిట్టల నీళ్ళకి పనికొస్తాయని వర్జిల్ మెట్ల కింద పెట్టాడు.”

లోమాక్స్ వర్జిల్ వంక చూశాడు. వర్జిల్ నేల చూస్తున్నాడు.

“మంగళవారం గాలి ఇంకా ముదిరింది. ఆ మనిషి కాగితాలు ఎగిరిపోతున్నాయి. తలుపుకి క్లిప్పు కనిపించింది. అది ఎందుకుందో, పెట్టింది తనేనని కూడా అతనికి గుర్తులేదు. తీసుకున్నాడు. మార్వా వచ్చి చూసింది, క్లిప్పు లేదు. ట్యాంకులో బ్లీచ్ పోసింది, ఎప్పట్లాగే కొలత లేకుండా, పెద్ద చేత్తో. ఇసుక రాకుండా కిటికీలు మూసింది. చన్నీళ్ళ కుళాయిలు అయ్యాక వేణ్ణీళ్ళది విప్పింది. బ్లీచ్ నీళ్ళు గీజరులోకి పోయి వెనిగర్‌తో కలిశాయి. వాసన కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఘాటు వస్తే ఇంకెవరైనా పారిపోతారు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడకి ఆ ఘాటు వస్తేనే పని అయినట్టు. అసలే ఉబ్బసం మనిషి. తేడా తెలిసేసరికి తలుపు దాకా కూడా రాలేకపోయింది.”

ఆరిన్ చేతిలోని నోటుబుక్కు వంక, దానికున్న క్లిప్పు వంక ఒక్కొక్కరే చూశారు. ఆఖరికి అతనూ చూసుకున్నాడు.

“నేనేనా?” అన్నాడు.

“మీ కానుక అదే, ఆరిన్ గారూ.”

అప్పుడు వర్జిల్ నోరు విప్పాడు. ఆరిన్ మతిమరుపు సంగతి రెండేళ్ళుగా మార్వాకీ తనకీ తెలుసన్నాడు. బయటపడితే ఆ ఎర్ర అక్షరాలు చూపించి పార్కులోంచి పంపేస్తారని, ఏదో ముసలివాళ్ళ ఆశ్రమంలో పడేస్తారని మార్వా తనచేత ఒట్టు వేయించుకుందన్నాడు. చీటీలు రాసింది, పనులన్నీ నెత్తిన వేసుకుంది, పొరుగువాళ్ళు అనుమానించకుండా అన్నిటికీ తనే అరిచి గొడవపడింది. డబ్బాలు చూసిన రోజే తనకి విషయం అర్థమైందట.

“పోయిన మనిషికిచ్చిన మాట. తప్పితే ఎవరొచ్చి అడుగుతారు, నిజమే. కానీ వీడు ఎలా బతుకుతాడు దీన్ని పెట్టుకుని?” అన్నాడు.

లోమాక్స్ తన కాగితంలో వర్జిల్ పేరు కొట్టేశాడు. లూయెల్లా ముఖం గోడకి తిప్పుకుని, వసంతం దాకా ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదని అంది. ఆరిన్ ఎవరి మాటా వినలేదు. దారం పట్టి పెన్సిలు పైకి లాక్కుని నోటుబుక్కులో రాస్తున్నాడు. మరిచిపోకూడదని ఒక్కో అక్షరం ఒత్తి రాశాడు: మార్వాని చంపింది నేను. కానుకతో. రాశాక చదువుకుని, అప్పుడు ఏడ్చాడు. ఓపల్ తన పాతికేళ్ళ వృత్తిలో ఎన్నో ఏడుపులు విన్నది గాని అంత చిన్నగా ఏడ్చిన మగవాణ్ణి చూడలేదు. ఆ క్లిప్పు ఆమె అడిగి తీసుకుంది. కారెక్కాక కర్టిస్ ఆ కేసు గొప్పగా విప్పారని అనబోయి మానుకున్నాడు.

తొమ్మిది రోజులు గడిచాయి. ఒక పొద్దున ఆఫీసు తలుపు తెరుచుకుంది. ఆరిన్ స్టాడార్డ్ లోపలికి వచ్చి, గడియ వేసి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

“మీరు డిటెక్టివట కదమ్మా. నా భార్యని ఎవరో చంపేశారు.”

కర్టిస్ చేతిలో కలం అలాగే ఉండిపోయింది. ఓపల్ కూర్చోమని చెయ్యి చూపించింది. ఆరిన్ కూర్చుని నోటుబుక్కు విప్పాడు. మధ్యలో ఒక పేజీ లేదు. వంకరటింకరగా చింపి ఉంది, వేళ్ళు సరిగా పట్టుదొరకని మనిషి చింపినట్టు.

“చూశారా? ఇందులో ఏదో సాక్ష్యం ఉంది. వాడెవడో నేను లేనప్పుడు వచ్చి చింపుకుపోయాడు. వర్జిల్‌ని అడిగితే తెలీదంటాడు. ఇంకోటమ్మా, ఆవిడకోసం ఏదో కానుక తెచ్చాను. అది కూడా కనబడటం లేదు. కనీసం అదైనా దొరికితే.”

బల్ల సొరుగులో నీలం క్లిప్పు ఉంది. ఓపల్ సొరుగు మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకుంది.

“ఆ కానుక ఆవిడకి అందింది, ఆరిన్ గారూ.”

“అందిందా?” అతని ముఖం ఒక్కసారి విప్పారింది. “నచ్చిందా?”

క్లయింటుకి అబద్ధం చెప్పకపోవడమే ఓపల్‌కున్న ఒకే ఒక్క గొప్ప. ఆమె కర్టిస్ వంక చూసింది. కర్టిస్ కిటికీ వంక చూస్తున్నాడు.

“నచ్చింది,” అంది ఓపల్.

ఆరిన్ ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాడు. కానుక అందింది, నచ్చింది. కింద గీత గీశాడు. తృప్తిగా పెన్సిలు వదిలి, కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

“సరేనమ్మా, అదొకటి తేలింది. ఇప్పుడు చెప్పండి, ఆవిణ్ణి చంపిందెవరు?”

కర్టిస్ కొత్త కాగితం తీసి తేదీ వేశాడు.