అక్క ఫైలు, ఇంటి ఫైలు

జిరాక్స్ మెషిను మళ్ళీ కాగితం మింగేసింది.

"ఏం ఆకలే నీకు!" అంటూ అమ్మ దాని పక్క తలుపు తీసి, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టింది.

వాళ్ళ ఇంటి ముందు గదే అమ్మ జిరాక్స్ షాపు. ఆ శుక్రవారం మధ్యాహ్నం షాపులో కస్టమర్లు ఎవరూ లేరు. నేల మీద చాప పరుచుకుని, చుట్టూ కాగితాలు పేర్చుకుని అక్క కూర్చుంది. పక్కన కొత్త నీలం ఫైలు. దానికి పన్నెండు అరలు.

అక్కకి పదిహేడేళ్ళు. నర్సింగ్ స్కూల్లో సీటు వచ్చింది. మొదటి లిస్టులో పేరు లేదు. అప్పుడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. రెండో లిస్టులో ఆఖరి పేరు తనదే! ఆదివారం బస్సెక్కాలి. సోమవారం చేరాలి. చేరకపోతే ఆ సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు.

"పుట్టినతేదీ సర్టిఫికెట్ మొదటి అరలో. మార్కుల లిస్టు రెండో అరలో. టీకాల కార్డు మూడో అరలో," అంటూ అక్క సర్దుతోంది. చెల్లెలు పక్కనే కూర్చుని చూస్తోంది. చెల్లెలికి పదేళ్ళు. కాళ్ళు సన్నగా ఉంటాయి, నోరు ఊరికే ఉండదు. అందుకని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు.

ఈరోజు మాత్రం పిచ్చుక నోరు మూసుకుని ఉంది.

ఉతికిన దుప్పటి మడతపెట్టాలంటే రెండో కొస ఎవరు పట్టుకుంటారు? జడలు రెండూ సమానంగా ఎవరు వేస్తారు? అమ్మ వేస్తే ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి పోతాయి. పొద్దున్నించీ ఇవే ఆలోచనలు.

"స్నానం చేసొస్తాను. ఏదీ కదపకు," అని అక్క లేచి వెళ్ళింది.

పిచ్చుక ఏదీ కదపలేదు. ఒక్క టీసీ తప్ప. అక్క చదివిన స్కూలు వాళ్ళు ఇచ్చిన పలచటి పసుపు కాగితం అది. అప్పుడే ఒక మూల మడత పడింది. అక్క సంగతి తెలిసిందే కదా, రోజుకో గ్లాసు నీళ్ళు ఒలకబోస్తుంది. హాస్టల్లో తుడవడానికి పిచ్చుక ఉండదుగా!

లామినేషన్ మెషిను ఇంకా వేడిగానే ఉంది. బస్ పాసులూ, ఫొటోలూ పిచ్చుక చాలాసార్లు చేసింది. టీసీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మెషిన్లోకి మెల్లగా తోసింది. అటువైపు నుంచి తళతళలాడుతూ, గోరువెచ్చగా బయటికొచ్చింది. ఒక్క బుడగ కూడా లేదు! చెంపకి ఆనించుకుంటే ఎంత బాగుందో.

అక్క తల తుడుచుకుంటూ రాగానే పిచ్చుక రెండు చేతులూ చాచి ఇచ్చింది. "ఇదిగో! ఇంక నువ్వు బకెట్లో ముంచినా ఏమీ కాదు."

అక్క చేతిలోంచి తువ్వాలు జారిపోయింది.

"అమ్మా!"

అమ్మ మసి చేతులతో వచ్చింది. కస్టమర్లు ఏం తెచ్చినా "ఒరిజినలా, కాపీనా?" అని అడగడం అమ్మకి అలవాటు. ఆ మాట ఎందుకు అడుగుతుందో పిచ్చుక ఎప్పుడూ ఆలోచించలేదు. ఈసారి అమ్మ ఏమీ అడగలేదు. చూడగానే అర్థమైపోయింది.

"ఎంత పని చేశావే! సోమవారం నర్సింగ్ స్కూలు వాళ్ళు దీని మీద ముద్ర వేయాలి. లామినేషన్ చేసినవి చెల్లవని సీటిచ్చిన ఉత్తరంలో రాశారు కూడా."

"ప్లాస్టిక్ ఊడదీసేద్దాం!"

"ఊడదీస్తే అక్షరాలు కూడా దాంతోనే వచ్చేస్తాయి."

అక్క వెళ్ళి షాపు మెట్ల మీద కూర్చుంది.

అప్పుడు పిచ్చుక మనసులో ఒక చిన్న ఆలోచన మెరిసింది. అయితే అక్క సోమవారం వెళ్ళదా? ఇక్కడే ఉంటుందా? ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైపోయింది.

వెళ్ళి అక్క పక్కన కూర్చుంది. తలెత్తి చూసింది. అక్క ఏడవడం లేదు. సీటు వచ్చిందని తెలిసిన రోజు నుంచి అక్క ముఖంలో ఒక వెలుగుండేది. కూరగాయలు తరుగుతున్నా ఉండేది. ఇప్పుడది లేదు.

పిచ్చుక ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"నన్ను తిట్టక్కా."

"తిట్టేంత టైము లేదే," అంది అక్క గోడ గడియారం చూసి. "స్కూలు ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. ఇంకో టీసీ ఇస్తారేమో అడగాలి. రేపు ఆఫీసుకీ సెలవే."

"నేనూ వస్తా."

ఇద్దరూ పరుగెత్తారు. సెలవుల్లో స్కూలు వింతగా ఉంది. అడుగుల చప్పుడు వాళ్ళకే తిరిగి వినిపిస్తోంది. ఆఫీసులో క్లర్క్ మేడమ్ అప్పుడే కంప్యూటర్ ఆపి, టీ కప్పు చేతిలోకి తీసుకుంది.

"ఇంకో టీసీయా? ఉన్నదానికేమైంది?"

"పాడైంది మేడమ్," అంది అక్క.

"ఎలా?"

"అంటే... నేనే పొరపాటున..."

"అక్క కాదు మేడమ్," అంది పిచ్చుక. గొంతు సన్నగా వచ్చింది. "నేను. అక్కని అడక్కుండా లామినేషన్ చేసేశాను."

మేడమ్ కళ్ళజోడు కిందికి దించి చూసింది. "ఎందుకు?"

"అక్క దూరం వెళ్తోంది కదా. పాడవకుండా ఉంటుందని." పిచ్చుక బల్ల అంచు పట్టుకుంది. "తర్వాత, అక్క ఇంక వెళ్ళదేమో అని కొంచెం సంతోషపడ్డాను కూడా."

అక్క చటుక్కున చెల్లెలి వైపు తిరిగింది.

మేడమ్ టీ కప్పు పక్కన పెట్టి, కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేసింది.

"ఏం జరిగిందో కాగితం మీద రాయి. కింద మీ అక్క సంతకం పెడుతుంది. ఆ రెండో ముక్క మాత్రం రాయక్కర్లేదు, అది మన ముగ్గురికీ తెలిస్తే చాలు."

పిచ్చుక నాలుక కొంచెం బయటపెట్టి, ముత్యాల్లా రాసింది. మేడమ్ ఈలోగా పాత టీసీ తీసుకుని, 'రద్దు' అనే రబ్బరు ముద్ర దాని మీద గట్టిగా కొట్టింది. సిరా నిలవలేదు. వేలు తగలగానే అంతా అలుక్కుపోయింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే.

"చూశావా? ఏదీ అంటదు దీనికి," అని మేడమ్ కత్తెరతో ఒక మూల కత్తిరించేసింది.

పిచ్చుక ఆ నీలం మరకనే చూస్తూ నిలబడింది.

హెడ్ మేడమ్ గేటు దాటుతుంటే వెనక్కి పిలిచి మరీ సంతకం పెట్టించారు. నాలుగు దాటి పది నిమిషాలకి కొత్త టీసీ అక్క చేతికొచ్చింది. దారంతా అక్క దాన్ని రెండు చేతులతో, నిద్రపోయే పాపాయిని మోసినట్టు మోసింది.

"నిజంగా సంతోషపడ్డావా?" అంది సందు మలుపులో.

"ఒక్క క్షణమే."

"నాకూ మొన్న బట్టలు సర్దుతుంటే ఒక్క క్షణం, ఆ సీటు రాకపోయినా బాగుండేదేమో అనిపించింది. అమ్మతో అనకు."

పిచ్చుక అక్క చెయ్యి పట్టుకోబోయి, కాగితం నలుగుతుందని, చున్నీ కొస పట్టుకుంది.

ఇంటికి రాగానే పిచ్చుక చేతులు కడుక్కుని, తుడుచుకుని చాప దగ్గర నిలబడింది.

"అక్కా, అన్నింటికీ కాపీలు తీయనా? కాపీలే. ఒరిజినల్స్ నీ ఫైల్లో వెళ్తాయి, కాపీలు మన ఇంట్లో ఉంటాయి. నువ్వు ఊఁ అంటేనే."

అక్క అమ్మ వైపు చూసింది. అమ్మ మెషిను స్విచ్ వేసింది. "ఊఁ అను మరి. మెషిను వేడెక్కుతోంది."

అక్క ఒక్కో కాగితం అందించింది. పిచ్చుక దాన్ని అద్దం మీద వంకర లేకుండా పెట్టి కాపీ తీసి, ఒరిజినల్ వెంటనే తిరిగిచ్చింది. కాపీలన్నీ పాత అరల ఫైల్లో అదే వరసలో సర్దింది. ఆ రోజు మెషిను ఒక్క కాగితం కూడా మింగలేదు.

ఆదివారం అక్క నీలం ఫైలు గుండెకి హత్తుకుని బస్సెక్కింది. బస్సు కనపడకుండా పోయాక కూడా పిచ్చుక చెయ్యి ఊపుతూనే ఉంది.

బుధవారం సాయంత్రం ఫోన్ మోగింది.

"పిచ్చుకా! నా టీకాల కార్డు ఇక్కడ ఆఫీసులో తీసుకున్నారు. ఫారంలో దాని నంబరు రాయాలిట. చెప్పగలవా?"

"మూడో అర!" అంది పిచ్చుక, ఫైలు తెచ్చి ఒక్కో అంకే చదివింది.

"బతికించావే. లేకపోతే మళ్ళీ అంత లైన్లో నిలబడాల్సొచ్చేది."

అక్క వెనకాల చాలామంది అమ్మాయిల నవ్వులు వినిపిస్తున్నాయి. ఎవరో అక్కని "చిట్టి డాక్టరూ, రా!" అని పిలిచారు. ఆ పేరు పిచ్చుక ఎప్పుడూ వినలేదు.

"ఇంకేమైనా కావాలా అక్కా?"

"ఏం వద్దురా."

"ఏదో ఒకటి అడుగక్కా."

నవ్వులు దూరమయ్యాయి. అక్క పక్కకి వచ్చినట్టుంది.

"సరే. నా పుట్టినతేదీ ఎంతో చూసి చెప్పు."

పిచ్చుక మొదటి అర తెరిచింది. కాగితం మీద వేలు పెట్టి, తేదీ, నెల, సంవత్సరం, పుట్టిన ఊరు, అమ్మ పేరు కూడా, మెల్లగా, ఒక్కటీ వదలకుండా చదవడం మొదలుపెట్టింది.