నూట ఇరవై ఎనిమిది

నౌఫల్ సంచి సర్దుకున్నాడు. రెండు చొక్కాలు, ప్రెషర్ కొలిచే గేజీలు బాగుచేసే మెకానిక్ వేసుకునే నీలం యూనిఫాం, గడ్డం గీసుకునే పెట్టె. పెట్టెలో రేజర్ లేదు. గేజీకి బదులుగా ఏ అంకె కావాలంటే ఆ అంకె పంపే చిన్న యంత్రం ఉంది.

"గాబెస్‌లో అమోనియా ట్యాంకు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ బెషీర్. "దాని కంట్రోలర్‌లో వర్చువల్ మెషీన్ అనే సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. ఇన్నాళ్ళూ ప్రతి అంకెకీ నాలుగు బైట్లు. కొత్త వెర్షన్‌లో ఒక్క బైటు రకం చేర్చారు, జాగా కలిసొస్తుందని. రేపు మధ్యాహ్నం రెండింటికి పదకొండు ఫ్యాక్టరీల్లో ఒకేసారి ఎక్కుతుంది. అందులో విదేశీ ముఠా చెయ్యి పెట్టిందని దోర్సాఫ్ కబురు."

"ఎక్కడ పెట్టిందట?"

"తనకీ తెలీదు. పరీక్షలన్నీ పాసయ్యాయి."

దోర్సాఫ్ ఆ వెర్షన్ రాసే ట్యూనిస్ ఆఫీసులో ముఠా దగ్గర జీతం తీసుకుంటూ బెషీర్‌కు కబుర్లు చేరవేసే ఇంజనీరు. ఆమె ఎర్రకోటు వేసుకుని వస్తే ముఠా నాయకుడు లేచి తలుపు తీసేవాడు.

మర్నాడు గాబెస్ గేటు దగ్గర ముసలి కాపలాదారు నవ్వాడు. "మళ్ళీ గేజీయేనా? మొన్నొచ్చినవాడు టీ తాగి పోయాడు."

"నేను టీ తాగను, పెద్దాయనా."

"అయితే పని చేస్తావన్నమాట. పాపం!"

ట్యాంకుకు తగిలించకుండా విడిగా ఉన్న కంట్రోలర్‌లో కొత్త వెర్షన్ వేసి నౌఫల్ అంకెలు పంపాడు. వంద. బాగుంది. నూట ఇరవై ఏడు. బాగుంది. నూట ఇరవై ఎనిమిది పంపగానే తెర మీద మైనస్ పడింది; ఒక్క బైటులో అంతకు మించి పట్టక అంకె తిరగబడింది. ట్యాంకు ఖాళీ అనుకుని కంట్రోలర్ నింపే వాల్వు తెరవమని ఆజ్ఞ ఇచ్చింది. నిండిన ట్యాంకు పగిలితే గోడ అవతల ఇళ్ళు, ఒక బడి. టైము ఒకటీ నలభై.

ట్యూనిస్‌కి ఫోన్ చేశాడు. గుడ్డు పెట్టి వేయించే బ్రిక్ వాళ్ళ గుర్తుమాట. "బ్రిక్ తిన్నావా?"

"గుడ్డు పచ్చిగానే ఉంది," అంది దోర్సాఫ్. గదిలో ఎవరూ లేరని అర్థం.

"నూట ఇరవై ఎనిమిది నుంచి మైనస్ చదువుతోంది. ఇక్కడ ప్రెషర్ రోజూ నూట యాభై."

"ఖర్మ! మేం పరీక్షలన్నీ శాతాల్లో రాశాం. వంద దాటితే కదా కనబడేది!"

"ఆపగలవా?"

"ఆపలేను. సరిచేసి ఎక్కించగలను. వెర్షన్ మీద డిజిటల్ సంతకం పెట్టే తాళం ఈ కంప్యూటర్‌లోనే ఉంది. సంతకం పెట్టగానే ముఠా వాళ్ళందరి ఫోన్లూ మోగుతాయి."

"వాళ్ళెక్కడున్నారు?"

"కింద కేఫ్‌లో. ఉన్నది ఒకటే మెట్లదారి."

"దోర్సాఫ్..."

"మాట్లాడకు. తప్పులు టైపు చేస్తాను."

ఫోన్ పెట్టేసింది.

ఒకటీ యాభై తొమ్మిదికి సరిచేసిన వెర్షన్ వచ్చింది. నౌఫల్ మళ్ళీ అదే అంకె పంపాడు. అదే అంకె తిరిగొచ్చింది. తెర మీద వాల్వు మూసుకుంది.

పదకొండు ఫ్యాక్టరీలకూ వెళ్ళిన నోటీసులో ఒకే వాక్యం ఉంది: చిన్న అంకెల్లో చిన్న పొరపాటు సరిచేయడమైనది.

నౌఫల్ రైల్లో ట్యూనిస్ చేరాడు. దోర్సాఫ్ ఆ ఆఫీసు నుంచి తిరిగి రాలేదు. అది మార్చి పన్నెండు, మంగళవారం.