మధ్యవర్తి మాట మానేసిన రోజు

కారు మీద సామాను కట్టిన తీరు పెద్దాయనకు నచ్చలేదు. తెల్లవారగానే లాడ్జి వాకిట్లోకి వచ్చి, అల్లుడు రాత్రి వేసిన ముడులన్నీ విప్పి, మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టాడు. కొండదారిలో బస్సు తోలి తోలి కాయలు కాచిన చేతులవి. ఉద్యోగం మానేసి ఏడాదైనా ముడి మరిచిపోలేదు.

అల్లుడు మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. బడిలో లెక్కల మాస్టారు. కొండలకు అవతలి ఊరికి బదిలీ అయింది. సంసారాన్నంతా కారు నెత్తిన పెట్టుకుని కనుమ దాటాలి.

"అమ్మాయీ, మీ ఆయనతో చెప్పు. ఆ కట్టుతో బయల్దేరితే మనకంటే మంచమే ముందు లోయలో పడుకునేది."

కూతురు ఫ్లాస్కులో టీ పోయించుకుని వస్తోంది. నిద్ర చాలని మొహం. "విన్నారా? నాన్న తాడు సరిచేశారట" అంది మొగుడితో.

"విన్నాను. మంచిపని చేశారని చెప్పు."

"చెప్పక్కర్లేదు. నాకింకా చెవుడు రాలేదు" అన్నాడు పెద్దాయన, తాడుతో మాట్లాడుతున్నట్టు.

రెండేళ్ళుగా ఆ ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తున్నాయి. మామ అన్నది కూతురి మీదుగా అల్లుడికి, అల్లుడు అన్నది పెళ్ళాం మీదుగా మామకు. ఇద్దరూ చేతికందేంత దూరంలో కూర్చున్నా సరే, మధ్యలో ఆ పిల్ల ఉండాల్సిందే. నాన్న మొండితనం ఇంతేలే అనుకుని ఆమె మోస్తూ వచ్చింది. మోసి మోసి అలసిపోయింది.

పెద్దాయన కోపానికి కారణం ఉంది. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్యకు కడుపులో నొప్పి వచ్చిన రోజున ఆయన బస్సు తీసుకుని కనుమకు అవతల ఉన్నాడు. అల్లుడు ఆవిడను ఇదే కారులో పెద్దాసుపత్రికి బయల్దేరదీశాడు. దారిలోనే ప్రాణం పోయింది. కర్మకాండలు ముగిశాక తోటి డ్రైవరొకడు పలకరించడానికి వచ్చి, "ఆ రోజు మీ అల్లుడి కారును దాటుకుంటూ వెళ్ళానన్నా. నత్తలా పోతోంది. లోపల వదినుందని నాకేం తెలుసు" అన్నాడు. ఆ మాట పెద్దాయన గొంతులో ముల్లులా దిగబడింది. పీక్కోనూ లేడు, మింగనూ లేడు.

కూతురు బతిమాలితే ఈ ప్రయాణానికి వచ్చాడు. అక్కడే మాతో ఉండిపో నాన్నా అంది. దిగబెట్టి మర్నాడు బస్సెక్కేస్తాను అన్నాడు.

కారు కదిలింది. పెద్దాయన ముందు సీట్లో కూర్చున్నాడు. కూతురు వెనక మూటల మధ్య ఇరుక్కుంది. కాసేపు ఏటి పక్కన పోయిన దారి, వంతెన దాటాక కొండను చుట్టుకుంటూ లేచింది. చెట్లు పొట్టివయ్యాయి, పొదలయ్యాయి, చివరికి అవీ లేవు. ఒకవైపు రాయి, ఒకవైపు శూన్యం. మాస్టారు ప్రతి మలుపులోనూ హారన్ కొట్టి, అవతలి నుంచి జవాబు వస్తుందేమోనని ఆగి, అప్పుడు పోనిస్తున్నాడు.

"మీ ఆయన్ని అడుగు, ఏ మలుపుకు ఆ మలుపు పెళ్ళిచూపులు చూసుకుంటున్నాడేమిటని."

"మెల్లగా పోవడంలో తప్పులేదని చెప్పు."

"తప్పుంటుంది ఒక్కోసారి" అన్నాడు పెద్దాయన. ఆ మాటను కూతురు అటు చేరవేయలేదు.

మధ్యాహ్నానికి సగం దారిలో ఉన్న చిన్న ఊరు వచ్చింది. నాలుగు దుకాణాలు, ఒక విడిది, డీజిలు వాసన. మాస్టారు కారు ఆపి, ఇవాళ్టికి ఇక్కడే ఉందామన్నాడు. పైన గాలి పలచన, ఒక రాత్రి ఈ ఎత్తులో పడుకుంటే ఒళ్ళు అలవాటు పడుతుంది, రేపు కనుమ ఎక్కినా ఇబ్బంది ఉండదన్నాడు.

పెద్దాయనకు ఆ సంగతి కొత్తది కాదు. కొత్తగా కొండెక్కే ప్రయాణికులకు ఆయనే చెప్పేవాడు. కానీ ఆ మాట అల్లుడి నోటి నుంచి వచ్చింది.

"మా కాలంలో పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి అవతల దిగేవాళ్ళం. మీ ఆయనకు భయమైతే వెనక కూర్చోమను, నేను తోలతాను. లేదంటే పల్లకీ మాట్లాడదాం."

"కళ్ళకు శుక్లాలున్నాయి, స్టీరింగు పట్టుకోవద్దని డాక్టరు చెప్పాడుగా. గుర్తుచెయ్యి మీ నాన్నకు."

"నా కళ్ళ సంగతి సరే, ఆయన కాళ్ళ సంగతి చూసుకోమను. వణుకుతున్నాయి."

కూతురు కణతలు నొక్కుకుంది. "ఇద్దరూ కలిసి తేల్చుకోండి. నాకు తల పగిలిపోతోంది."

తనను విసుక్కుందని తండ్రి అనుకున్నాడు. తననే అందని మొగుడు అనుకున్నాడు. మాస్టారి మొహం ఎర్రబడింది. ఇంక ఏమీ అనకుండా కారు స్టార్టు చేశాడు.

ఆ తర్వాత కారులో మాటే లేదు. మాట్లాడాలంటే ఆమె మీదుగా మాట్లాడాలి. ఆమె పలకడం లేదు. అలిగిందిలే, కాసేపుంటే అదే తీరుతుంది అనుకున్నాడు పెద్దాయన. ఇవాళ మా ఆవిడ వాళ్ళ నాన్న పక్షం అనుకున్నాడు మాస్టారు. ఇద్దరూ ఎదురుగా ఉన్న దారినే చూస్తూ కూర్చున్నారు. ఇంజను రొప్పుతోంది. రోడ్డు పక్కన మురికి మంచు కుప్పలు కనబడ్డాయి. బస్సు తోలే రోజుల్లో పెద్దాయన అద్దంలో జనం మొహాలు చూస్తూ ఉండేవాడు. ఎత్తులో వాగేవాడికి ఏమీ కాదు, నోరు మూసుకుని కిటికీకి ఆనుకున్నవాణ్ణి చూసుకోవాలని కండక్టర్లకు నేర్పేవాడు. సొంత కూతురి దగ్గర అది గుర్తు రాలేదు. పంతం మీద ఉన్నవాడికి ఏదీ గుర్తు రాదు.

శిఖరం కనబడుతుండగా వెనక నుంచి వాంతి చేసుకున్న చప్పుడైంది.

మాస్టారు కారు ఆపి వెనక తలుపు తీశాడు. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచింది కానీ ఎక్కడున్నదీ చెప్పలేకపోయింది. నీళ్ళు తాగిస్తే సగం గడ్డం మీద నుంచి కారిపోయాయి.

"వెనక్కి తిప్పుతాను" అన్నాడు మాస్టారు. ఎవరితో అన్నాడో ఆయనకే తెలియదు.

"కనబడుతోందిగా కనుమ. దాటేస్తే అవతల అంతా దిగుడే" అన్నాడు పెద్దాయన. రెండేళ్ళలో అల్లుడి మొహం చూసి అన్న మొదటి మాట అది.

"దాటాలంటే ఇంకా ఎక్కాలి మామయ్యగారూ. వెనక్కి తిరిగితే ఇప్పటి నుంచే దిగుతాం."

"దిగుతారు మీరు. నత్తలా దిగుతారు. మీ తోలుడుకి ఇప్పటికే ఒక మనిషిని పోగొట్టుకున్నాను."

మాస్టారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గాలి ఈల వేస్తోంది.

"నాన్నా." వెనక సీట్లో నుంచి వచ్చింది. ముద్దగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "అమ్మే మెల్లగా పొమ్మంది."

"ఏమిటీ?"

"కుదుపు తగిలితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చేది. నా ఒళ్ళో తల పెట్టుకుని, మెల్లగా పోనీ బాబూ, మెల్లగా పోనీ అంటూనే ఉంది. ఈయన వేగం పెంచితే అరిచేది." ఊపిరి అందక ఆగింది. "ఇన్నాళ్ళూ ఇదా నీ కోపం? అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని కదా."

పెద్దాయన అల్లుడి వైపు తిరిగాడు. "మీరెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? అత్తయ్య అడిగింది, అందుకే ఆలస్యమైందని చెప్పి తప్పు ఆవిడ మీద పెట్టనా?" అన్నాడు మాస్టారు. "మీరు మాట మానేశారు. అది న్యాయమే అనుకున్నాను. ఆ రోజు ఆవిడ మాట వినకుండా తోలి ఉంటే బతికేదేమో, నాకు మాత్రం ఏం తెలుసు?"

పెద్దాయన తలుపు తీశాడు. దిగి, కారు వెనక్కి నడిచాడు. దారి ఇరుకు. అవతల అంచుకు గోడ కూడా లేదు. ఆయన ఆ అంచు మీదే నిలబడ్డాడు. మాస్టారు స్టీరింగు ముందు కూర్చున్నాక, అరచేత్తో కారు రేకు మీద రెండు దెబ్బలు వేశాడు.

"రానీ. ఇంకా రానీ. నన్ను చూడకు, చప్పుడు విను. రానీ."

ఒక దెబ్బ పడింది. కారు ఆగింది. చక్రం కింద నుంచి రాయి ఒకటి జారి లోయలోకి పోయింది. "ఇప్పుడు ముందుకు. స్టీరింగు పూర్తిగా కొట్టు. చాలు. మళ్ళీ వెనక్కి." అలా ముందుకూ వెనక్కూ జరిపించి, ముక్కు కిందివైపు తిరిగాక, వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. మూటలు కాళ్ళ కిందికి నెట్టి కూతురి తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"రెండో గేరులో పోనీ. బ్రేకు నమ్ముకోకు, ఇంజనే పట్టుకుంటుంది" అన్నాడు. ఆపైన కూతుర్ని పలకరిస్తూనే ఉన్నాడు. చిన్నప్పుడు ఏ చేత్తో అన్నం తినేదానివే, మీ అమ్మ నిన్ను ఏమని తిట్టేదే. ఆమె ముక్తసరిగా ఏదో ఒకటి అంటోంది. పొదలు మొదలయ్యే చోటికి వచ్చేసరికి విసుక్కుంది. "ఎన్నిసార్లు అడుగుతావు నాన్నా అదే ప్రశ్న." పెద్దాయన గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

సగం దారి ఊళ్ళో నర్సొకామె ఉంది. వేలికి ఏదో తగిలించి చూసి, ముక్కుకు గాలి గొట్టం పెట్టింది. "ఇంకాస్త పైకి పోయి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు. మీలో ఎవరికి వచ్చింది ఆ తొందర?" అంది.

"నాకే" అన్నాడు పెద్దాయన.

చీకటి పడకముందే ఆమె గంజి తాగింది. బుగ్గలకు రంగు వచ్చింది. నిద్రపోతుంటే మగవాళ్ళిద్దరూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఎదుట కొండలు ఎర్రబారుతున్నాయి. మధ్యలో మాట అందించే మనిషి లేదు. పెద్దాయన టీ గ్లాసును అల్లుడి చేతుల్లో పెట్టి, వేళ్ళు మూసి, పైన తన చేతులు పెట్టాడు. క్షమించమనడం ఆయనకు రాదు. ఎవరూ నేర్పలేదు.

"అల్లుడూ" అన్నాడు. "ఆ రోజు ఆవిడ దారిలో ఇంకేమైనా అందా?"

మాస్టారు తటపటాయించాడు. "అంది. నవ్వుతూనే అంది, అంత నొప్పిలోనూ."

"ఏమంది?"

"మీ మామయ్య తోలుతుంటే ఈపాటికి నా పళ్ళన్నీ ఊడి చేతికొచ్చేవి అంది."

పెద్దాయనకు నవ్వొచ్చింది. పెళ్ళాం గొంతుతోనే వినబడింది ఆ మాట. భుజాలు అదిరేలా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో ఆయనకు తెలియలేదు. అల్లుడు గ్లాసు పక్కన పెట్టి దగ్గరగా జరిగాడు.

"ఇంకా చెప్పు" అన్నాడు పెద్దాయన, మొహం తుడుచుకోకుండా. "మొదటి నుంచి చెప్పు. నేనిప్పుడు వింటాను."